పాలు పొయ్యని చాయ

మా ఇంట్లో రోజుకు ఆరుసార్లు చాయ మరుగుతుంది. ఆరుసార్లూ మరిగించేది నేనే. పెళ్ళయి సూరత్‌కు వచ్చిన మర్నాటి నుంచీ అదే పని. ఇరవై రెండేళ్ళు అలా మరిగించి, వడగట్టి, అందరికీ ఇచ్చి, అడుగున మిగిలింది నేను తాగాక, ఒకరోజు నాకు తెలిసొచ్చింది ఏమిటంటే, నాకా చాయ నచ్చదు. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. ఇష్టమా కాదా అని నన్ను ఎవరూ అడగలేదు. ఒకరిని అనడమెందుకు, నన్ను నేనే అడుక్కోలేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా గల్లీలో నా గురించి ఒక మాట తిరుగుతోంది. మొగుడి వేలు తెగినా నల్లచాయ మానని మనిషి అని. ఆ మాట నిజమే. కాకపోతే సగమే చెప్తారు. మిగతా సగం నేను చెప్తాను.

మేముండేది డిండోలిలో, ఒక బిల్డింగ్ మొదటి అంతస్తులో రెండు గదులు. మా ఆయన సాంచాలు నడుపుతాడు. పవర్‌లూమ్‌ను మావాళ్ళు ఊళ్ళోనూ ఇక్కడా సాంచా అనే అంటారు. నేను ఇంట్లో కూర్చుని చీరలకు లేసులు కుడతాను, జిగురు పెట్టి స్టోన్లు అంటిస్తాను. కూతురు కాలేజీకి పోతుంది. మూడేళ్ళ కింద మామ పోయాక అత్తమ్మ కూడా ఊరు వదిలి మా దగ్గరికే వచ్చింది. నలభై ఏళ్ళు బీడీలు చుట్టిన చెయ్యి ఆమెది. ఇప్పటికీ ఊరికే కూర్చున్నప్పుడు బొటనవేలు చూపుడువేలి మీద కదులుతూనే ఉంటుంది.

ఏడాదిన్నర కింద నాకు రెండుసార్లు కళ్ళు తిరిగాయి. ఉధ్నాలో ఒక తెలుగు డాక్టరమ్మ ఉందంటే పోయాను. చిన్నపిల్ల, కోస్తా వైపు మాట. రక్తం పరీక్ష కాగితం చూసి, "షుగర్ కొంచెం ఎక్కువుందమ్మా, బోర్డర్‌లో ఉంది. పాలూ పంచదారా పోసిన టీ తగ్గించండి. ఉండలేకపోతే గ్రీన్ టీ తాగండి" అంది.

గ్రీన్ టీ అనే మాటను నేను అప్పటిదాకా టీవీలో విన్నాను తప్ప కంటితో చూడలేదు. అయితే నాకు గుజరాతీ వచ్చు. వచ్చు అంటే, బజారులో ఒక్కో మాటా ఏరుకుని పోగేసుకున్నాను. లీలు అంటే పచ్చ అని పచ్చిమిరపకాయలు కొనేటప్పుడు నేర్చుకున్నాను. చా అంటే చాయ. రెండూ కలిపితే లీలీ చా. ఇంటికి వచ్చే దారిలో కూరగాయల బండి ఆపి, దర్జాగా "లీలీ చా ఆపో" అన్నాను, అంటే ఇవ్వండి అని. బండి ఆమె క్షణం కూడా తడబడకుండా పుదీనా పక్కనున్న పొడుగాటి గడ్డి కట్ట తీసి చేతిలో పెట్టింది. ఓస్ ఇంతేనా, దీనికోసమేనా చదువుకున్నవాళ్ళు అద్దాల షాపుల్లో డబ్బాలు కొనేది అని నవ్వుకున్నాను.

నెలరోజులు ఆ గడ్డి మరిగించుకుని తాగాను. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు. నిమ్మ వాసన వేసేది, గొంతులో హాయిగానే ఉండేది. మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి పోయినప్పుడు, "గ్రీన్ టీ ఏ కంపెనీది వాడుతున్నారమ్మా?" అని అడిగింది. కంపెనీ ఏంటి, కట్ట పది రూపాయలు అన్నాను. ఆమె పెన్ను కింద పెట్టేసి నవ్వింది. "అది నిమ్మగడ్డి అమ్మా! ఇక్కడివాళ్ళు నిమ్మగడ్డినే లీలీ చా అంటారు. టీలో వేసుకుంటారు" అంది. తలుపు దగ్గర నిలబడ్డ నర్సు కూడా నవ్వింది. ఇంటికొచ్చి కూతురికి చెప్తే అదీ నవ్వింది.

"మమ్మీ, లీలీ చా అంటే ఘాస్ గదా, అందరికి తెల్సు. నువ్వు కావాలనే తాగుతున్నవ్ అనుకున్న నేను."

తప్పు నాదా? పచ్చ అంటే పచ్చే, చాయ అంటే చాయే. రెండు నిజాలు పక్కపక్కన పెడితే అబద్ధమవుతుందని నాకెలా తెలుస్తుంది? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే అబద్ధం, బాగానే పట్టింది. కానీ పొద్దున లేచేసరికి కోపం మాత్రం అలాగే ఉంది. ఎవరి మీదో కాదు. నలభై ఏళ్ళు దాటాయి, రోజుకు ఆరుసార్లు చాయ పెడతాను, చాయ ఆకు ఎలా ఉంటుందో తెలియదు నాకు. పొడి తెలుసు, ప్యాకెట్టు తెలుసు. ఆకు తెలియదు. చూసే తీరాలనుకున్నాను.

తరువాతి వారం ఇచ్చిన చీరలు తొందరగా ముగించి, షేర్ ఆటో ఎక్కి, స్టేషన్ అవతల పాత బజారుకు ఒక్కదాన్నే పోయాను. అక్కడొక చాయపత్తి దుకాణం ఉంది. గోడ నిండా రేకు డబ్బాలు. ముసలాయన గద్దె మీద కూర్చుని ఉన్నాడు. నేను గడప ఎక్కగానే అలవాటుగా "మమ్రీ?" అన్నాడు. మమ్రీ అంటే పాలలో వేసి మరిగించే గుండ్రటి పలుకుల చాయ, ఇక్కడ అందరూ తాగేది. అది వద్దు, పాలు లేకుండా తాగే ఆకు చాయ కావాలని హిందీలో చెప్పాను. ఆయన నా చీరను చూశాడు, చేతి వేళ్ళకు ఎండిపోయి అంటుకున్న జిగురును చూశాడు. "కౌన్సీ సేఠానీ కే లియే?" అన్నాడు. ఏ యజమానురాలు నిన్ను పంపింది అని.

"మేరే లియే" అన్నాను. నాకోసమే అని. గొంతు నేననుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. పక్క కొట్లో పసుపు కొంటున్నాయన కూడా తిరిగి చూశాడు.

న్యాయంగా చెప్పాలంటే ముసలాయన మంచివాడే. ఆ తర్వాత అలాంటి మాట ఇంకోటి అనలేదు. మూడు డబ్బాలు దించాడు. ఒక్కోదాంట్లోంచి కొంచెం ఆకు తెల్లకాగితం మీద పోసి, ముందు దాని మీద నోటితో వెచ్చగా ఊదమన్నాడు, ఆ తర్వాత వాసన చూడమన్నాడు. ఊదాను. ఎండి మెలికలు తిరిగి ఉన్న ఆకు ఒక్కసారిగా వాసనిచ్చింది. ఒకటి కొత్త గడ్డివామి వాసన, ఒకటి ఎండబెట్టిన రేగుపండ్ల వాసన, ఒకటి పాకం పట్టిన బెల్లం వాసన. ఆ మూడూ చిన్న పొట్లాలు కట్టించుకున్నాను. ఒకటి పచ్చాకు, ఒకటి డార్జిలింగ్, ఒకటి అస్సాం పొడుగాకు. వస్తూ వస్తూ ఆటోలో పొట్లాలు మళ్ళీ విప్పి వాసన చూస్తుంటే పక్కనామె జరిగి కూర్చుంది.

ఇంటికొచ్చి పచ్చాకు చాయ పెట్టాను. ఎలా పెట్టాను? అలవాటు ప్రకారం గిన్నెలో నీళ్ళు పోసి, రెండు చెంచాల ఆకు వేసి, పది నిమిషాలు బాగా మరిగించాను. నోట్లో పోసుకుంటే వేపాకు కషాయం. కూతురు వాసన చూసి పారిపోయింది. రెండోరోజు ఐదు నిమిషాలు. అయినా చేదే. మూడోరోజు నాకు బుద్ధొచ్చింది. మరిగితేనే చాయ అని ఎవరు చెప్పారు? నీళ్ళు మరగనిచ్చి, పొయ్యి ఆపేసి, నీళ్ళు కాస్త నెమ్మదించాక ఆకు వేసి మూత పెట్టాను. అప్పుడు దిగింది. లేత పచ్చజొన్న రంగు. పెసర్లు ఉడికించిన నీళ్ళలా కమ్మగా, చివర్లో నాలుక అంచుల్లో కొంచెం వగరు. ఆ వగరు పోయాక వెనక నుంచి ఒక తీపి వచ్చింది. చక్కెర వెయ్యలేదు కదా, ఈ తీపి ఎక్కడిదని నేను గ్లాసులోకి తొంగి చూశాను.

ఎంతసేపు నాననివ్వాలన్నది తేల్చుకోవడానికి ఇంకో నెల పట్టింది. గోడగడియారం ఉంది గానీ చీర ఒళ్ళో వేసుకుని కూర్చున్నాక దాన్ని ఎవరు చూస్తారు? అందుకని స్టోన్లతో లెక్క పెట్టుకున్నాను. పచ్చాకుకు ఇరవై ఐదు స్టోన్లు. డార్జిలింగ్‌కు నలభై. అస్సాం మొండిది, అరవై అంటిస్తే గానీ దిగదు. మధ్యలో ఎవరైనా పిలిచి లెక్క తప్పించారా, ఆ రోజు చాయ చేదు, నా నోరు అంతకంటే చేదు. వడగట్టిన ఆకు పారెయ్యకుండా రెండోసారి నీళ్ళు పోస్తే రుచి మారేది, మూడోసారికి ఇంకా మెత్తబడేది. ముసలాయన చెప్పలేదు ఇది. నేనే కనుక్కున్నాను. ఎవరో నేర్పింది కాకుండా నా అంతట నేను కనుక్కున్న సంగతి నా జీవితంలో ఇంకేముందా అని ఆలోచిస్తే పెద్దగా ఏమీ దొరకలేదు.

ఇక అత్తమ్మ. ఆమెకు నిమ్మగడ్డి నీళ్ళతో పేచీ లేదు. ఆకుపసరు అనుకుంది. పచ్చాకు చాయనూ పట్టించుకోలేదు. డార్జిలింగ్ ఎర్రగా దిగిన రోజు మాత్రం వంటింటి గడప దగ్గర ఆగిపోయింది.

"గదేంది? పాలు పొయ్యవా?"

"పొయ్య అత్తమ్మా. ఇది గట్లనే తాగుతరు."

"ఎవలు తాగుతరు? చావు అయినోళ్ళు తాగుతరు."

ఆ మాట వెనక ఒక సంగతుంది. మా అత్తగారి వైపు ఎవరైనా పోతే దినాలు అయ్యేదాకా ఆ ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టరు. పాలు పొంగడం శుభం కదా, అందుకని. వచ్చేపోయేవాళ్ళకు నల్లచాయే పోస్తారు. మామ పోయినప్పుడు ఆ ఇంట్లో నేనే గంజు నిండా నల్లచాయ పెట్టాను. అత్తమ్మ గోడకానుకుని కూర్చుని ఆ చాయ తాగడం నా కళ్ళతో చూశాను. ఆమెకు ఆ రంగు అంటే ఏమిటో నాకు తెలుసు. కాబట్టి ఆమెను మూర్ఖురాలని నేను అనను, ఎవరైనా అంటే ఊరుకోను కూడా.

ఆ క్షణంలో నా నోటికి ఒక అబద్ధం వచ్చింది.

"మందు అత్తమ్మా. షుగరుకు డాక్టరమ్మ ఇచ్చింది."

అంతే, ఆమె ముఖం కుదుటపడింది. మందైతే సరే. మందుకు రంగు లేదు, శకునం లేదు. దగ్గరికి కూడా వచ్చింది. పొట్లంలోంచి ఆకు చిటికెడు తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూసింది. అస్సాం ఆకును రాసి, "ఇది ముదురాకు" అంది. డార్జిలింగ్ రాసి, "ఇది లేతది. సందెవాన పడ్డంక తెంపినట్టున్నరు" అంది. నలభై ఏళ్ళు తునికాకు తడిపి, కత్తిరించి, చుట్టిన వేళ్ళవి. దుకాణంలో ముసలాయన పొట్లాలు కడుతూ చెప్పిందీ ఇంచుమించు అదే. నాకు ఎంత సంతోషం వేసిందో. నోరు తెరిచి ఒక్క గుక్క తాగి చూడమందామనుకున్నాను. మందు పక్కవాళ్ళకు ఇవ్వరు కదా. నా అబద్ధమే నా నోరు నొక్కింది.

అలా ఏడాది పైగా మందు పేరు మీద తాగాను. ఎవరడిగినా మందే. మా ఆయన స్నేహితులొచ్చినా మందే. ఆడమనిషి ఏం తాగినా మందని చెప్తే చాలు, గల్లీ అంతా తల ఊపుతుంది. పథ్యం చెయ్యమ్మా, ఆరోగ్యం జాగ్రత్తమ్మా అంటుంది. రుచి కోసమని చెప్పి చూడండి, అప్పుడు తెలుస్తుంది. మా ఆయన సాంచాల దగ్గర పొద్దంతా తంబాకు నములుతాడు, అది మందని ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు. ఆయనకిష్టం, అయిపోయింది. నాకు మాత్రం ఒక గ్లాసుడు వేడినీళ్ళలో నాలుగు ఆకులు వేసుకోవడానికి డాక్టరు చీటీ కావాలి. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా చాయ కంటే ముందు నేను మరిగేదాన్ని.

మొన్న ఎండాకాలంలో అత్తమ్మ మోకాళ్ళ నొప్పులకని ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. నాదీ పరీక్ష చేయించాను. డాక్టరమ్మ కాగితం చూసి అత్తమ్మ ముందే చెప్పింది. "మీ కోడలికి షుగర్ మామూలుకొచ్చేసిందమ్మా. మందులూ ఏమీ అక్కర్లేదు. రోజుకో కప్పు మామూలు టీ తాగినా ఫర్వాలేదు."

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక అత్తమ్మ అంది.

"మంచిగైంది బిడ్డా. ఇగ గా మందు బందు పెట్టు. రేపటి సంది మాతోని తాగు."

ఇంకో అబద్ధం ఆడటం ఎంతసేపు? బీపీ ఉందంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఏడాదిగా మందు, మందు అని చెప్పీ చెప్పీ నాకే రోత పుట్టింది. దొంగతనం చేసినట్టు ఎందుకు తాగాలి? చేసిన తప్పేమిటి?

"అది మందు కాదత్తమ్మా" అన్నాను. "మొదట నీకు అబద్ధం చెప్పిన. నాకు దాని రుచి ఇష్టం. అందుకే తాగుతున్న."

"ఇష్టమా?" అంది అత్తమ్మ. బూతుమాట విన్నట్టు చూసింది. "నా కొడుకు నిండుగ ఇంట్ల తిరుగుతుండంగ, చావు ఇంటి చాయ ఇష్టమా నీకు?"

ఆ రోజు నుంచి నా చేతి చాయ తాగడం మానేసింది. పాల చాయ కూడా. తనకోసం వేరే చిన్న గిన్నె పెట్టుకుని, మోకాళ్ళు పట్టుకుని లేచి, తన చాయ తనే పెట్టుకునేది. వంటింట్లో రెండు చాయలు పక్కపక్కనే మరిగేవి, ఒకరి వైపు ఒకరం చూసుకునేవాళ్ళం కాదు. మా ఆయన మధ్యలో పడలేదు. రెండు వైపులా చాయ దొరుకుతుంటే ఎందుకు పడతాడు?

ఇలా రెండు నెలలు గడిచాయి. తరువాత ఒక మధ్యాహ్నం మా ఆయన వేలు పోయింది.

ఫోను వచ్చేసరికి నేను చీర ఒళ్ళో వేసుకుని ఉన్నాను. దవాఖానకు పోయేసరికి కట్టు కట్టేశారు. కుడిచేతి ఉంగరం వేలు పై కణుపు లేదు. పక్క వేలు నలిగింది. ఖాతా మాస్టర్, అంటే కార్ఖానాలో పని చూసేవాడు, మంచం పక్కన నిలబడి, "జర చూస్కోని పని చెయ్యాలె గద" అని వెళ్ళిపోయాడు. ఇంటికి తీసుకొచ్చాక అత్తమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నన్ను ఒక్క మాటే అంది.

"చెప్తే విన్నవా?"

ఆ సాయంత్రం నేను చాయ పెట్టుకోలేదు. రెండో రోజూ పెట్టుకోలేదు. అబద్ధం ఎందుకు, నాకూ భయం వేసింది. నేను చదివింది పది వరకు. భయం అంతకంటే ముందు నుంచే నాలో ఉంది. పొట్లాలు డబ్బాలో పెట్టి పైన అటకెక్కించాను. చూడవచ్చినవాళ్ళకు పాల చాయ పెడుతూ, నిజంగానే నా గ్లాసులోంచే ఏదో పోయి ఆయన వేలు పట్టుకుందా అని రెండు రోజులు ఆలోచించాను. ఆ రెండు రోజులు తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు కోపం వస్తుంది.

మూడోరోజు పొద్దున ఆయనకు పళ్ళెంలో అన్నం కలిపి తినిపిస్తున్నాను. ఆయన నెమ్మదిగా అన్నాడు.

"కొన్ని దినాలు జర గా నల్లచాయ బందు పెట్టరాదు? అమ్మ మనసు నిమ్మళమైతది. నేనైతే గివన్ని నమ్మ. గని..."

ఆ 'గని' దగ్గర నా చెయ్యి ఆగింది. తిట్టినా పడేదాన్ని. నమ్మను గానీ మానెయ్యమంటున్నాడు. నమ్మనివాడికి ఎందుకు మానాలి? అప్పుడు గుర్తొచ్చింది, మూడు రోజుల్లో ఇంటికి అంతమంది వచ్చారు, అయ్యో అన్నారు, గ్రహాలన్నారు, దిష్టి అన్నారు. అసలు వేలు ఎలా పోయిందని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు.

"ఎట్ల పోయింది వేలు?" అన్నాను.

"బెల్టుల పడ్డది."

"బెల్టు కొత్తదా? ఇరవై ఐదేండ్ల సంది నడుపుతున్నవ్, ఇప్పుడే ఎట్ల పడ్డది?"

"దాని మీద జాలి ఉంటుండె. నెల కింద సఫా చేస్తందుకు తీసిండ్రు. మల్ల పెట్టలే. తీసుడు పెట్టుడుకు సాంచా ఆపాలె, టైం పోతదని."

"నువ్వు చెప్పలేదా?"

"రెండుసార్లు చెప్పిన. చూస్త అన్నడు మాస్టర్. సేఠు మల్ల పెట్టొద్దన్నడట."

"మరి ఇప్పుడన్న పెట్టిండ్రా?"

"ఏమో. నా సాంచా మీద నిన్నటి సంది ఇంకొకణ్ణి నిలవెట్టిండ్రు" అన్నాడు.

పళ్ళెం కింద పెట్టాను. చెయ్యి కడుక్కోకుండానే ముందు గదిలోకి పోయాను. అత్తమ్మ కిటికీ పక్కన కూర్చుని ఉంది.

"సాంచాకు జాలి లేదంట అత్తమ్మా" అన్నాను.

ఆమె నావైపు తిరగలేదు. "సాంచాకు ఏడి జాలి బిడ్డా. ఇనుముకు జాలుంటదా? మనుషులకే లేకపాయె" అంది.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆమె పక్కన కూర్చుని, కిటికీకి కొట్టిన దోమల జాలి మీద చెయ్యి వేసి చూపించాను.

"ఆ జాలి కాదు. గిసొంటి జాలి. ఇనుపది. బెల్టుకు చెయ్యి తగలకుండ మీద బిగిస్తరు. నెల కింద తీసి పక్కన పడేసిండ్రట. అది ఉంటే నీ కొడుకు వేలు ఉంటుండె."

ఆమె కిటికీ జాలిని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఎవలు తీసిండ్రు?"

"సఫా చేస్తందుకు తీసిండ్రు, సేఠు మల్ల పెట్టొద్దన్నడట."

"ఎందుకు?"

"టైం పోతదని."

నేను అంతటితో ఆగలేదు. మూడు రోజులుగా అది లోపల ఉడుకుతోంది.

"మూడు దినాల సంది అందరు నా గిన్నె దిక్కు చూస్తున్నరు. ఒక్కరన్న ఆ సేఠు దిక్కు చూసిండ్రా? ఆయనింట్ల అందరికి పది వేళ్ళున్నయ్. నేను చాయ మానేస్తే ఆ జాలి వచ్చి బెల్టు మీద కూసుంటదా చెప్పు. కూసుంటదంటే ఇప్పుడే మానేస్త. గిన్నె గూడ బయట పారేస్త. చెప్పు."

అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవడమని సామెత. మా గల్లీలో సేఠు మీద కోపం నా చాయగిన్నె మీద తీర్చుకున్నారు. సేఠును అంటే పని పోతుంది. కోడల్ని అంటే ఏం పోతుంది?

లేచి అటక మీది డబ్బా దించి నీళ్ళు పెట్టాను. డార్జిలింగ్ ఆకు వేసి మూత పెట్టి అక్కడే నిలబడ్డాను. భయం పూర్తిగా పోయిందని చెప్పను. భయంతోనే పెట్టాను.

అప్పుడే చూడ్డానికి ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. పై అంతస్తు వాళ్ళిద్దరు, ఎదురు బిల్డింగ్ నుంచి ఒకామె. ముగ్గురి మొగుళ్ళూ సాంచాల మీదే. అత్తమ్మ ముందు చాపేసుకుని కూర్చున్నారు. వంటిల్లు అక్కడికి కనిపిస్తుంది. ఎదురు బిల్డింగ్ ఆమె మెడ సాచి చూసింది.

"ఏంది, గిసొంటి టైముల గూడ నల్లచాయనా?"

నేను బదులు చెప్పేలోపు అత్తమ్మ గొంతు వినిపించింది.

"అది మందమ్మా. షుగరుకు."

నేను గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. రెండు నెలలు నా చేతి పాల చాయ కూడా తాగని మనిషి. నన్ను నలుగురిలో కాపాడటానికి నేను చెప్పిన అబద్ధాన్నే తీసి నాకు అడ్డం పెట్టింది. ముగ్గురి ముఖాలూ సర్దుకున్నాయి. పాపం, షుగరా, అవునవును అన్నారు. నేను ఊరుకుంటే ఆ రోజుతో అంతా సద్దుమణిగేది. అత్తమ్మ నా వైపు వచ్చినట్టే ఉండేది. జన్మంతా మందు తాగుతూ బతికేసేదాన్ని.

గ్లాసు పట్టుకుని ముందు గదిలోకి వచ్చాను. వాళ్ళ మధ్యే కూర్చున్నాను.

"మందు కాదక్కా" అన్నాను. "షుగరు పోయి రెండు నెలలాయె. నాకిష్టమై తాగుతున్న."

అత్తమ్మ నన్ను చూసిన చూపు నేను మర్చిపోను. ఆమె నాకోసం మొదటిసారి ఆడిన అబద్ధాన్ని ఆమె ముందే కాదన్నాను. కోపం రాదా? వచ్చింది. నా చేతి చాయ ఆమె ఇప్పటికీ తాగదు, ఆ కోపం వల్లనో, ఆ రంగు వల్లనో నేను అడగలేదు. ఒక గుక్క తాగాను. ముగ్గురూ నా నోటి వంకే చూస్తున్నారు. రెండో గుక్క తాగాను.

ఎదురు బిల్డింగ్ ఆమె అత్తమ్మ వైపు తిరిగింది. "ఏందమ్మా గిది? కొడుకు గట్ల పండుకుంటే కోడలు గిట్ల..."

"విన్నవు గద" అంది అత్తమ్మ. "దానికిష్టమట. నాకు నచ్చది, అది నేను దాన్ని అంట, నా కోడలు. నీకెందుకు? నువ్వు పొయ్యి నీ మొగని సాంచాకు జాలున్నదో లేదో అడుగు."

"సాంచాకు జాలేందమ్మా?"

అత్తమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. కిటికీ దగ్గరికి పోయి, నేను చూపించినట్టే జాలి మీద అరచెయ్యి ఆనించి చూపించింది. బెల్టు గురించి చెప్పింది, తీసి పక్కన పడెయ్యడం గురించి చెప్పింది, సేఠు టైం గురించి చెప్పింది. తెలియనివి కొన్ని కల్పించి కూడా చెప్పింది. ముగ్గురూ విన్నారు. ఇక నా గ్లాసు వంక ఎవరూ చూడలేదు. నేను కూర్చుని పూర్తిగా తాగాను.

వాళ్ళు లేచి వెళ్ళారు. తలుపు వెయ్యడానికి పోతే, ఎదురు బిల్డింగ్ ఆమె ఇంకా మా మెట్ల మీదే నిలబడి ఫోను చేస్తోంది. అవతల సాంచాల మోత ఎక్కువగా ఉందేమో, గట్టిగా అరిచి అడుగుతోంది.

"ఏమయ్యా, వినవడుతున్నదా? నీ సాంచాకు జాలున్నదా, లేదా?"